బ్రిడ్జ్‌టౌన్‌లో ఓడ దిగి భోంచేయాలంటే: ముందు "ఏ డాలరు?" అని అడగండి

దక్షిణ కరీబియన్ వైపు వెళ్ళే క్రూజ్ ఓడలు చాలావరకు బార్బడోస్ రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో ఒక పగలు ఆగుతాయి. పొద్దున టిఫిన్ వేళకి దిగుతారు, చీకటి పడేలోపు మళ్ళీ ఎక్కుతారు. మధ్యలో ఒక్క పూట భోజనం. ఆ ఒక్క పూటకి ఎంత డబ్బు, ఏ నోట్లు పట్టుకెళ్ళాలి, ఎక్కడ తినాలి, బిల్లు ఎలా చూడాలి అనేదే ఇక్కడ చెబుతున్నాను. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్ళే కుటుంబాలు, ఇండియా నుంచి నేరుగా వచ్చి ఓడ ఎక్కేవాళ్ళు, ఇద్దరూ నా దృష్టిలో ఉన్నారు.

బార్బడోస్ చవకైన చోటు కాదు. తిండి సరుకుల్లో చాలాభాగం బయటి దేశాల నుంచి ఓడల్లో రావాల్సిందే కాబట్టి ధరలు అమెరికా ఊళ్ళతో పోటీ పడతాయి. అయినా ఇక్కడ మనవాళ్ళకి డబ్బు ఎక్కువగా పోయేది ధరల వల్ల కాదు, డాలరు గుర్తు వల్ల.

1. రెండుకి ఒకటి అనే లెక్క ఓడలోనే నోటికి పట్టించుకోండి

బార్బడోస్ సొంత డబ్బు పేరు కూడా డాలరే. గుర్తు కూడా అదే. 1975 నుంచి ఒక అమెరికా డాలరుకి రెండు బార్బడోస్ డాలర్లు అన్న లెక్క మారలేదు. రోజూ రేటు చూసుకునే పని లేదు, యాప్ అక్కర్లేదు. బోర్డు మీద ఉన్న అంకెను సగం చేస్తే అమెరికా డాలర్లు వస్తాయి, అంతే.

రూపాయల్లో ఆలోచించేవాళ్ళకి: అమెరికా డాలరు 90 రూపాయలు అనుకుంటే బార్బడోస్ డాలరు 45. మీరు వెళ్ళే రోజు రేటు ఎంతుంటే అందులో సగం వేసుకోండి.

చిక్కంతా ఇక్కడే ఉంది. బోర్డు మీద 30 అని ఉంటుంది, పక్కన డాలరు గుర్తు ఉంటుంది. ఏ దేశపు డాలరో చాలాచోట్ల రాసి ఉండదు. ఊళ్ళోవాళ్ళు తినే చోట అది బార్బడోస్ డాలరే. అంటే 15 అమెరికా డాలర్లు. మీరు హడావుడిలో 30 అమెరికా డాలర్లు తీసి ఇస్తే ఒక ప్లేటుకి రెండు ప్లేట్ల డబ్బు ఇచ్చినట్టు. చాలామంది అమ్మేవాళ్ళు పిలిచి మిగతాది ఇస్తారు, కానీ రద్దీలో వాళ్ళకీ పొరపాటు జరగొచ్చు. దీనికి తలకిందులుగా, క్రూజ్ టెర్మినల్ లోపలి దుకాణాల్లో, టూర్ కౌంటర్ల దగ్గర ధరలు అమెరికా డాలర్లలో రాయడం మామూలు. అక్కడ సగం చేసి మురిసిపోతే బిల్లు దగ్గర తెల్లబోతారు.

అందుకని ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న: "బేజన్ ఆర్ యూఎస్?" బేజన్ అంటే బార్బడోస్‌కి సంబంధించినది అని. అక్కడ అందరూ ఇంగ్లిష్ మాట్లాడతారు కాబట్టి భాష ఇబ్బంది లేదు. అయితే ప్రశ్న కంటే ముందు "గుడ్ మార్నింగ్" చెప్పండి. పలకరింపు లేకుండా నేరుగా ధర అడగడాన్ని అక్కడ మర్యాద తక్కువగా చూస్తారు. మన పల్లెల్లో "బాగున్నారా" అనకుండా పని అడిగితే ఎలా ఉంటుందో అలాగే.

2. చిన్న నోట్లు సర్దుకోండి

అమెరికా నోట్లు ఊరంతా తీసుకుంటారు. కాబట్టి ముందుగా బార్బడోస్ డాలర్లు సంపాదించాలని తిప్పలు పడొద్దు. ఇండియాలో అవి దొరకడమే కష్టం. ఓడ మీద మార్చినా, విమానాశ్రయంలో మార్చినా మధ్యవాళ్ళ కోత తప్పదు. ఒకట్లు, ఐదులు, పదులు, ఇరవైలు కలిపి మనిషికి 40 నుంచి 50 అమెరికా డాలర్లు ఉంటే మామూలు భోజనానికీ బస్సుకీ సరిపోతుంది. వంద నోటు మాత్రం చిన్న కొట్ల దగ్గర తీయకండి, చిల్లర లేదంటారు. అమెరికా చిల్లర నాణేలు తీసుకోరు, ఓడలోనే వదిలేయండి.

మీరు అమెరికా నోటు ఇచ్చినా తిరిగి వచ్చే చిల్లర బార్బడోస్ డబ్బులోనే ఉంటుంది. దీన్ని చాలామంది బెడదగా చూస్తారు గానీ, నిజానికి ఇదే మీ మార్పిడి. దిగగానే ఒక కొబ్బరి బొండం కొనుక్కుని 20 అమెరికా డాలర్ల నోటు ఇవ్వండి. బొండం పోను ముప్ఫై పైచిలుకు బార్బడోస్ డాలర్లు చేతిలోకి వస్తాయి. బ్యాంకు లైన్ లేదు, కమీషన్ లేదు. బ్యాంకుల పనివేళలు ఎలాగూ తక్కువ, వారాంతంలో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ఇరవై అమెరికా డాలర్లంటే నలభై, అందులోంచి బొండం ధర తీసేసి ఎంత రావాలో మాత్రం మీరే ముందు లెక్క వేసుకుని నిలబడండి.

చేతికొచ్చిన నోట్లు ఒకసారి చూడండి. ఆకుపచ్చ ఐదు డాలర్ల నోటు మీద ఉన్నాయన ఫ్రాంక్ వోరెల్, వెస్టిండీస్ కెప్టెన్. 1962లో ఇదే ఊళ్ళో బంతి తలకు తగిలి అప్పటి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ ప్రాణం మీదకు వచ్చినప్పుడు రక్తం ఇచ్చినవాళ్ళలో ఆయన ఒకరు. 2024 జూన్ 29న మనం 7 పరుగులతో టీ20 ప్రపంచ కప్ గెలిచిన కెన్సింగ్టన్ ఓవల్ మైదానం కూడా రేవుకి దగ్గరే. క్రికెట్ పిచ్చి ఉన్న నాన్నగారు వెంట ఉంటే భోజనం గంట ఆలస్యం అవుతుందని ముందే అనుకోండి.

ఇంకొక జాగ్రత్త. ఇదే ప్రయాణంలో సెయింట్ లూసియా, గ్రెనడా, ఆంటిగ్వా లాంటి దీవులు కూడా తగిలితే అక్కడ తూర్పు కరీబియన్ డాలరు నడుస్తుంది. దాని లెక్క అమెరికా డాలరుకి 2.70. మార్టినీక్‌లో యూరో. బార్బడోస్‌లో మిగిలిన చిల్లర ఆ దీవుల్లో చెల్లదు, వాళ్ళది ఇక్కడ చెల్లదు. ఏ డబ్బు ఎక్కడ నడుస్తుందో అక్కడే ఖర్చు పెట్టేయండి. లేకపోతే పర్సులో మూడు రకాల "డాలర్లు" కలిసిపోయి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

3. కార్డు సంగతి ఊరి నుంచి బయల్దేరే ముందే తేల్చుకోండి

రెస్టారెంట్లలో, సూపర్ మార్కెట్లలో వీసా, మాస్టర్‌కార్డ్ పనిచేస్తాయి. బీచ్ పక్క బండి దగ్గర, సంతలో, బస్సులో నోట్లే.

ఇండియా కార్డయితే విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు దేశంలో వాడుకకే తెరిచి ఉంటాయి. ఓడ మీద ఇంటర్నెట్‌కి వేరే డబ్బు కట్టాలి కాబట్టి ఇది ఇంట్లో ఉండగానే చేయండి. మామూలు క్రెడిట్ కార్డు మీద విదేశీ మారకపు చార్జీ రెండు నుంచి మూడున్నర శాతం దాకా పడుతుంది, ఆ చార్జీ మీద మళ్ళీ జీఎస్‌టీ. అమెరికా డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డు ఉన్నా, బిల్లు బార్బడోస్ డాలర్లలో పడితే దాని మీద ఇంకో కరెన్సీలోకి మార్చిన చార్జీ వేస్తారు. మీ కార్డు షరతులు చదువుకోండి. అమెరికాలో ఉండేవాళ్ళకి విదేశీ లావాదేవీ చార్జీ లేని కార్డులు చాలానే ఉన్నాయి, అలాంటిది ఒకటి జేబులో ఉంటే ఈ పేరా దాటేయొచ్చు.

మెషీన్ మీద "మీ దేశపు డబ్బులో కట్టాలా, స్థానిక డబ్బులో కట్టాలా" అని అడిగితే స్థానిక డబ్బే నొక్కండి. రూపాయల్లో చూపించే అంకె చూడ్డానికి సౌకర్యంగా ఉంటుంది గానీ, ఆ రేటులో వాళ్ళ లాభం కలిసి ఉంటుంది. సంతకం చేసే ముందు, పిన్ కొట్టే ముందు, అంకె పక్కన మూడక్షరాలు చూడండి. బీబీడీ అంటే బార్బడోస్ డాలరు, యూఎస్‌డీ అంటే అమెరికా డాలరు. ఇక్కడ పొరపాటు జరిగితే సరిగ్గా రెట్టింపు పోతుంది.

ఫోన్‌పే, గూగుల్ పే స్కాన్ చేసే అలవాటును ఈ ఒక్క రోజుకి మరిచిపోండి.

4. ఒక పూట బయట తినాలా వద్దా, తినేదైతే ఏ మెట్టులో

ఓడ మీద బఫే, పెద్ద డైనింగ్ హాలు భోజనం డబ్బు టికెట్‌లోనే కట్టేశారు. రేవులో ఆగిన రోజు కూడా మధ్యాహ్నం బఫే తెరిచే ఉంటుంది. ఖర్చు ఒక్కటే చూసుకుంటే వెనక్కి వెళ్ళి తినడమే లాభం. టెర్మినల్ నుంచి ఊరి నడిబొడ్డుకి పదిహేను, ఇరవై నిమిషాల నడక. చిన్నపిల్లలూ షుగర్ ఉన్న పెద్దవాళ్ళూ వెంట ఉంటే అలా చేయడంలో తప్పు లేదు. కానీ అంత దూరం వెళ్ళి ఆ నేల రుచి ఒక్కటైనా చూడకపోతే ఎలా? నా సలహా: టిఫిన్ ఓడ మీద గట్టిగా తినండి, మధ్యాహ్నం బయట తినండి, రాత్రి మళ్ళీ ఓడ. బయట తినేది ఒక్కసారే కాబట్టి అది ఊళ్ళోవాళ్ళ తిండి అయి ఉండాలి. ఓడ మీద దొరికే బర్గర్‌నే బీచ్‌లో రెట్టింపు ధరకి తినడం నాకు నచ్చదు.

ధరలు ఎప్పటికప్పుడు మారతాయి, కింది అంకెలు అంచనాకి మాత్రమే. అన్నీ బార్బడోస్ డాలర్లలో.

రోడ్డు పక్క బండి, రమ్ షాపు (ఊళ్ళోవాళ్ళు తాగడానికీ తినడానికీ చేరే చిన్న కొట్టు), బేకరీ: 10 నుంచి 20. ఇక్కడ అడగాల్సింది "ఫిష్ కట్టర్". కట్టర్ అంటే గుండ్రని బ్రెడ్డులో చేప ముక్కో, మాంసమో పెట్టి ఇచ్చే శాండ్‌విచ్. ఆ బ్రెడ్డుని సాల్ట్ బ్రెడ్ అంటారు, పేరే గానీ ఉప్పగా ఉండదు. ఊరి నుంచి వంతెన దాటి నడిస్తే వచ్చే కార్లైల్ బే ఒడ్డున, పెబుల్స్ బీచ్ దగ్గర ఫిష్ కట్టర్ బండి బాగా పేరున్నది.

ఫాస్ట్‌ఫుడ్: 15 నుంచి 30. బార్బడోస్ సొంత ఫాస్ట్‌ఫుడ్ సంస్థ షెఫెట్ ఉంది, దాని శాఖలు ఊరంతా కనిపిస్తాయి. అక్కడ రోటీ అనే పేరుతో మెత్తటి పలచని రొట్టెలో కూర చుట్టి ఇస్తారు. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద కరీబియన్‌కి తీసుకొచ్చిన భారతీయుల వంట అది, ట్రినిడాడ్ మీదుగా ఇక్కడికి పాకింది. బంగాళాదుంప రోటీ కూడా దొరుకుతుంది. శాకాహారులకి ఊళ్ళో అన్నిటికంటే తేలిక దారి ఇదే.

ఓయిస్టిన్స్ చేపల రేవు దగ్గర ప్లేటు భోజనం: 35 నుంచి 60. కాల్చిన చేప, పక్కన మాకరోనీ పై, అన్నం. శుక్రవారం రాత్రి ఇక్కడి సందడికి పెద్ద పేరు. కానీ మీ ఓడ సాయంత్రమే వెళ్ళిపోతే ఆ సందడి మీకు లేదు, పగటి పూట తెరిచే కొట్లతో సరిపెట్టుకోవాలి. ప్లేటు పెద్దది, పెద్దవాళ్ళిద్దరు పంచుకోవచ్చు.

బీచ్ ఒడ్డున కూర్చుని తినే రెస్టారెంట్: ఒక్కో ఐటమ్ 50 నుంచి 100. పడమటి తీరంలోని ఖరీదైన చోట్లకి ఇంకా పైన. అక్కడికి క్రూజ్ రోజున వెళ్ళడం దండగ. టాక్సీకీ ఎదురుచూపుకీ సగం పగలు పోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. మీరిద్దరు, శాకాహారులైన అమ్మానాన్నలు. రెండు ఫిష్ కట్టర్లు చెరి 16, రెండు బంగాళాదుంప రోటీలు చెరి 14, నాలుగు చల్లని డ్రింకులు ఒక్కోటి 6 అనుకోండి. మొత్తం 84, అంటే 42 అమెరికా డాలర్లు. అదే నలుగురూ బీచ్ రెస్టారెంట్‌లో కూర్చుంటే ఐటమ్స్‌కి 240, డ్రింకులకి 60, పైన పది శాతం సర్వీసు చార్జీ, మొత్తం 330. అంటే 165 అమెరికా డాలర్లు. నీడ, కుర్చీ, బాత్రూమ్ కోసం రెండోది ఎంచుకునే రోజులూ ఉంటాయి, ముఖ్యంగా ఎండలో పెద్దవాళ్ళు అలసిపోయినప్పుడు. తెలిసి ఎంచుకోండి, అంతే.

5. శాకాహారులు అడిగి తినాల్సినవి

"నో మీట్" అంటే సరిపోదు. చేప పెట్టి ఇస్తారు, వాళ్ళ లెక్కలో చేప మీట్ కాదు. "నో మీట్, నో చికెన్, నో ఫిష్" అని మూడూ విడివిడిగా చెప్పండి.

ఫిష్ కేక్స్ చూడ్డానికి అచ్చం మన పునుగుల్లా ఉంటాయి. ఉప్పు చేప కలిపి నూనెలో వేయించినవి. "బ్రెడ్ అండ్ టూ" అంటే సాల్ట్ బ్రెడ్డులో రెండు ఫిష్ కేకులు అని. అమ్మగారు ఒక పునుగు నోట్లో వేసుకునే ముందే చెప్పండి.

రైస్ అండ్ పీస్ పేరుకి అన్నం, గింజలే. కానీ రుచి కోసం ఉప్పు మాంసం ముక్క వేసి ఉడికించడం అక్కడి అలవాటు, అది పంది మాంసం కూడా కావచ్చు. "సాల్ట్ మీట్ ఉందా" అని అడగాలి. మాకరోనీ పైలో మాంసం ఉండదు గానీ గుడ్డు కలిపే ఇళ్ళు ఉన్నాయి.

ఇక కూకూ. మొక్కజొన్న పిండినీ బెండకాయనీ కలిపి, గట్టి తెడ్డుతో ఆపకుండా తిప్పుతూ చేస్తారు. తెచ్చి ముందు పెడితే రాయలసీమవాళ్ళకి సంకటి గుర్తుకు రాక మానదు. ఎగిరే చేపల పులుసుతో కలిపి దేశపు జాతీయ వంటకం అంటారు. చేప వద్దనుకుంటే కూకూ ఒక్కటే పెట్టి, చేప తగలని గ్రేవీ ఉందేమో అడగండి. లేకపోతే వేయించిన అరటి, సీమపనస పక్కన పెట్టించుకోండి.

రస్తఫారీలు (కరీబియన్‌లో పుట్టిన ఒక మతం వాళ్ళు) నడిపే చిన్న కొట్లలో "ఐటల్" అనే తిండి ఉంటుంది. చాలావరకు మాంసం తగలని వంట అది, కాబట్టి "ఐటల్ ఫుడ్" బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్ళొచ్చు, చేప ఉందేమో మాత్రం అడగండి. ఉప్పు బాగా తక్కువ. దానికి మందు టేబుల్ మీద పసుపు రంగు సీసాలో ఉంటుంది. మంటపుట్టించే మిరపకాయ, ఆవపిండి, పసుపు కలిపిన పెప్పర్ సాస్. ఆవకాయ తినేవాళ్ళం కదా అని గరిటె తిప్పకండి, చుక్కతో మొదలుపెట్టండి.

తాగడానికి మాబీ అని ఒకటి ఇస్తారు, చెట్టు బెరడు కాచి చేసేది, మొదటి గుటక చేదు. క్రిస్మస్ రోజుల్లో వెళ్తే సోరెల్ అడగండి. గోంగూర జాతి మొక్క ఎర్రటి కాయ తొడిమలతో చేసే తీపి పానీయం. పుల్లని గోంగూరని తియ్యగా తాగడం మనకి వింతే. చింతపండు ఉండలు కూడా సంతలో కనిపిస్తాయి. పంచదార అద్ది ఉంటాయి, ఓడ ఊగుడికి నోరు బాగాలేనివాళ్ళకి పనికొస్తాయి.

మంచినీళ్ళు కొనకండి. బార్బడోస్ కుళాయి నీళ్ళు తాగడానికి మంచివి, పగడపు సున్నపురాయి పొరల్లోంచి వడకట్టుకుని వచ్చేవి. సీసా ఓడలో నింపుకుని దిగండి, అయిపోతే తినే చోట మళ్ళీ నింపమనండి.

6. భోజనం దగ్గరికి చేరడం

టాక్సీలకి మీటర్ ఉండదు. ఎక్కే ముందే మూడు సంగతులు తేల్చుకోవాలి: ఎంత, ఏ డాలరు, మనిషికా బండికా. మూడోది మరిచిపోతే నలుగురికి నాలుగింతలు అవుతుంది.

బస్సు అయితే ఎంత దూరమైనా మనిషికి 3.50 బార్బడోస్ డాలర్లు. నీలం రంగు ప్రభుత్వ బస్సులో సరిగ్గా అంతే ఇవ్వాలి, చిల్లర తిరిగి రాదు. కొబ్బరి బొండం దగ్గర వచ్చిన బార్బడోస్ చిల్లర ఇక్కడ పనికొస్తుంది. పసుపు మినీబస్సులు, జెడ్‌ఆర్ నంబర్ ప్లేటు ఉన్న తెల్ల వ్యాన్లు చిల్లర ఇస్తాయి. ఆ వ్యాన్లలో పాటల మోత, ఇరుకు, వేగం మన షేర్ ఆటోలకి ఏమాత్రం తీసిపోవు. ఓయిస్టిన్స్ లాంటి దక్షిణ తీరపు ఊళ్ళకి ఊళ్ళోంచి ఇవి తరచుగా ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు "టు సిటీ" అని రాసిన స్టాపు దగ్గర నిలబడండి. "అవుట్ ఆఫ్ సిటీ" అని ఉంటే అది ఎదురు దిక్కు.

ఆదివారం అయితే ఊళ్ళో దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. ఆ రోజు ఊరు వదిలి నేరుగా బీచ్ వైపు వెళ్ళడం మేలు. శనివారం అయితే చీప్‌సైడ్ సంత కళకళలాడుతుంది.

7. బిల్లు చదవడం

సాధారణ వ్యాట్ 17.5 శాతం. అది మెనూ ధరలో కలిసే ఉందా, విడిగా వేస్తారా అన్నది మెనూ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలాచోట్ల కలిపే రాస్తారు. దాని పక్కనే సర్వీసు చార్జీ సంగతి కూడా ఉంటుంది, సాధారణంగా పది శాతం. అది బిల్లులో ఉంటే టిప్పు ఇచ్చేసినట్టే. అమెరికా అలవాటులో మళ్ళీ ఇరవై శాతం పెట్టకండి. లేకపోతే పది, పదిహేను శాతం ఇవ్వండి. బండి దగ్గర, రమ్ షాపులో టిప్పు ఎవరూ ఆశించరు, చిల్లర వదిలేస్తే సంతోషిస్తారు.

వంటకి టైమ్ పడుతుంది. ఇరవై నిమిషాలు అన్నారంటే నలభై అనుకోండి. ఓడ ఎక్కాల్సిన ఆఖరి వేళకి గంటన్నర ముందే బిల్లు అడగండి, ఓడ టైమూ ఊరి టైమూ ఒకటేనా అని దిగే ముందే చూసుకోండి.

8. తిరిగి ఎక్కేటప్పుడు

బార్బడోస్ డాలర్లు బయట ఎక్కడా తేలిగ్గా మారవు. మిగిలినవి అక్కడే ఖర్చు పెట్టేయాలి. దానికి నాకు నచ్చిన దారి సూపర్ మార్కెట్‌లో పెప్పర్ సాస్ సీసా, సంతలో అయితే చింతపండు ఉండలు. రమ్ కొంటే ఓడవాళ్ళు గేటు దగ్గర తీసుకుని దాచి, ప్రయాణం ఆఖరున ఇస్తారు.

వండిన తిండి, పండ్లు మాత్రం లోపలికి రానివ్వరు. సగం తిన్న రోటీ కవర్లో చుట్టుకుని వస్తే స్కానర్ దగ్గర చెత్తబుట్టలోకే. అటు నుంచి ఇటు కూడా అంతే: బఫేలో అరటిపళ్ళు, బ్రెడ్డు సంచీలో వేసుకుని ఊళ్ళోకి దిగడం కుదరదు. ఇంటి నుంచి తెచ్చుకున్న సీలు తీయని జంతికల ప్యాకెట్‌కి సాధారణంగా అభ్యంతరం ఉండదు. అమ్మగారు డబ్బాలో పెట్టిన పులిహోరకి ఉంటుంది.